ఏడెన్‌కు కాకి కబురు

ఏడెన్ అనేది ఒక ఊరి పేరని కాపురానికి వచ్చిన చాలా రోజులకు గానీ నాకు తెలియలేదు. అది బట్ట పేరనుకున్నాను. మా అత్తగారింట్లో అందరూ అట్లాగే మాట్లాడేవాళ్లు. మగ్గం మీద ఎర్రవి, నల్లవి రుమాళ్లు ఉంటే "ఏడెన్ సరుకు నడుస్తాంది" అనేవాళ్లు. నూనెలో నానబెట్టి ఆరేసిన నూలు వాసన ఇల్లంతా కొడుతుంటే మా మామ ధర్మయ్య "ఏడెన్ వాసన" అని ముక్కు ఎగబీల్చేవాడు. ఆ రుమాళ్లను బొంబాయి సేటు కొని ఓడలో అరబ్బు దేశపు రేవు ఏడెన్‌కు పంపుతాడని, అక్కడివాళ్లు తలకు చుట్టుకుంటారని, నూనె పట్టిన నూలు ఎండకు చలవ చేస్తుందని తాతల నాటి నుంచి ఆ ఇంట్లో చెప్పుకునే మాట. ఎవరూ పోయి చూసింది లేదు. చూడకపోయినా ఏడెన్ వాళ్లకు నార్కట్‌పల్లి అంగడంత దగ్గరగా ఉండేది.

మా ఆడబిడ్డ ఆండాళు వదినె అక్కడికి పోయాకే అది దూరమైంది.

వదినె పెనిమిటి రాజం బొంబాయిలో ఆ సేటు దగ్గరే గుమాస్తాగా ఉండేవాడు. సేటు అతన్ని ఏడెన్ దుకాణానికి పంపాడు. పోయేటప్పుడు భార్యను కూడా తీసుకుపోయాడు. "ఇన్నొద్దులు రుమాళ్లు పోయినయి, ఇప్పుడు బిడ్డ పోతాంది" అని మామ ఏదో సరుకు మూట సాగనంపినట్టు తేలికగా అన్నాడు. అత్త లక్ష్మీనర్సమ్మకు మాత్రం ఆ రోజు నుంచి ఆ పేరు గిట్టలేదు. ఎవరైనా పాత అలవాటు కొద్దీ "ఏడెన్ సరుకు" అంటే "రుమాళ్లనుండ్రి. ఊకె ఆ పేరెందుకు" అని కసిరేది.

ఆమె దూరాన్ని సద్దితో కొలిచేది. తిరుమలగిరి ఒక సద్ది దూరం. పొద్దున మూట కట్టుకొని బయలుదేరితే దారిలో ఒక్కసారి విప్పి తింటే ఊరు వస్తుంది. నా పుట్టిల్లు కొత్తకోట రెండు సద్దులు. ఏడెన్ ఎన్ని సద్దులు అత్తమ్మా అని నేనొకసారి అడిగాను. నాకు నోరు ఊరుకోదు, ఏది వింటే దాని గురించి అడగాలనిపిస్తుంది. ఆమె చాలాసేపు ఆలోచించి "సద్ది పాసిపోయేటంత దూరం" అంది.

మా అమ్మ నన్ను ఇక్కడికి ఇచ్చినప్పుడు "దేశం గాని దేశం పోతున్నవు బిడ్డా" అని నా మెడ పట్టుకొని ఏడ్చింది. పాలమూరు జిల్లా దాటి నల్లగొండ జిల్లాకు రావడమంటే ఆమె లెక్కలో అదే సముద్రం. ఆండాళు వదినె ఏడెన్ పోయాక అదే కొత్తకోట వచ్చి మా ఇంటి పెరట్లో కూర్చుంది. పుట్టింటికి పోయొస్తానంటే చాలు, "యాడికి పోయిందే కొత్తకోట, పొద్దున బస్సెక్కితే మాపటికి మీ అమ్మ చేతి అన్నం తింటవు" అనేది అత్త. అంత దగ్గరైపోయిన ఊరికి నన్ను పంపడానికి మాత్రం ఆమెకు ఎప్పుడూ వీలు చిక్కేది కాదు.

అరవై ఒకటిలో, ఎండలు ముదిరిన రోజుల్లో జరిగింది ఈ సంగతి. మా ఆయన వెంకటనర్సు వీధిలో పడుగు నూలు బారుగా సాపి గంజి పెడుతున్నాడు. ఆ పని ఎండ ఎక్కక ముందే కావాలి. గంజి ఉన్నచోట కాకులు ఉంటాయి, అది కొత్త కాదు. నేను నీళ్ల బిందెతో వస్తున్నాను. ఒక కాకి గోడ మీద నుంచి లేచి, వంగి ఉన్న ఆయన తల మీద కాళ్లు ఆనించి, రెక్క కొట్టి ఎగిరిపోయింది. ఆయన మోచేత్తో తల తుడుచుకొని మళ్లీ కుంచె పట్టాడు.

"నా జుట్టు సూసి గూడనుకున్నట్టుంది" అన్నాడు నాతో.

ఎదురింటి ఈదమ్మ అరుగు దిగి వచ్చింది. ఊళ్లో మంచికీ చెడుకూ ఏం చేయాలో చెప్పే ముసలామె. "తన్నిందా?" అని అడిగింది.

"తగిలిందంతే."

"తలకు తగులుడు, తన్నుడు ఒక్కటే" అని ఆమె మా ఇంట్లోకి నడిచింది. మా అత్తను చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకుపోయింది. అత్త ముఖం చూశాను. బాధ్యత తెలిసిన మనిషి, ఊరికే బెదిరేది కాదు. ఆ రోజు బెదిరింది.

కాకి తలను తన్నితే చావు దగ్గరికి వచ్చినట్టు. దానికి మా దిక్కు ఒక ఉపాయం ఉంది. ఆ మనిషి చచ్చిపోయాడని తోడబుట్టిన దానికి కబురు పంపాలి. ఆమె నిజమనుకొని గుండెలు బాదుకొని ఏడవాలి. ఆ ఏడుపుతో చావు వచ్చిపోయినట్టే లెక్క. తరువాత నిజం చెప్పేస్తారు. మా మామకు పడుచుతనంలో ఇట్లాగే కాకి తన్నితే తిరుమలగిరిలో ఉన్న ఆయన అక్క అమృతమ్మకు మనిషిని పంపారు. ఆమె జుట్టు విరబోసుకొని దారి పొడుగునా శోకాలు పెడుతూ వచ్చి చూస్తే తమ్ముడు మజ్జిగ తాగుతున్నాడు. చేతికందిన పప్పుగుత్తితో నాలుగు తగిలించి, కడుపు నిండా తిని, రవికె గుడ్డ పెట్టించుకొని మర్నాడు ఊరికి పోయింది. ఇంట్లో అందరూ ఆ కథను పెళ్లి ముచ్చటలా చెప్పుకునేవాళ్లు.

"నన్ను సంపితే ఎవరేడుస్తరు?" అని మా ఆయన నవ్వాడు. "నాకున్నది ఒక్క అక్క. అది సముద్రం అవుతల ఉన్నది."

"అమృతమ్మ అత్త ఏడిస్తే నడువదా?" అని నేనడిగాను.

"కడుపు పంచుకున్నది ఏడ్వాలె" అంది ఈదమ్మ. "మేనత్త ఏడిస్తే ఏమైతది, గొంతు నొస్తది."

అత్త అప్పటికే తేల్చుకుంది. మామ ముందు నిలబడి "తారు కొట్టు" అంది. టెలిగ్రాంను మేము తారు అనేవాళ్లం. నల్లగొండలో తారాఫీసు ఉందని, అక్కడి నుంచి బొంబాయికి, బొంబాయి నుంచి సముద్రం కింద వేసిన తీగ మీద ఏడెన్‌కు మాట పోతుందని రాజం పోయేటప్పుడు చెప్పి ఉన్నాడు.

మామ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. "అది తిరుమలగిరి కాదే, ఏడ్సుకుంట వచ్చి వీని మొఖం సూసి పోనీకి. ఆడ గూసొని అదేం జేస్తది?"

"ఇయ్యాల ఒకటి కొట్టు. రేపు ఒకటి కొట్టు. ఒక్క పూట ఏడుస్తది. తమ్మునికోసం ఒక్క పూట ఏడువదా?"

మామ నా వైపు చూశాడు, నేను ఏదైనా అంటానేమోనని. నేనేమీ అనలేదు. కాకి మాట నమ్మానా లేదా అంటే ఇప్పటికీ చెప్పలేను. మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగా ఉన్న రోజులు. చావు అనే మాట మా ఆయన పేరు పక్కన వినపడేసరికి నా చెయ్యి ఆ తాడు మీదికి పోయింది. మామ తువ్వాల భుజాన వేసుకొని నార్కట్‌పల్లి దారి పట్టాడు, అక్కడ నల్లగొండ బస్సు ఎక్కడానికి.

ఆయన పొద్దు వాలాక తిరిగి వచ్చాడు. కాళ్లు కడుక్కొని గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"తారు బాబు మంచోడు" అన్నాడు. "కొడుకు పోయిండని రాయమంటే కలం కింద పెట్టి లేచి నిలవడ్డడు. నాకు మంచినీళ్లు ఇచ్చిండు. తాగిన. ఎందుకో మరి ఏడుపొచ్చింది. అందరు జూస్తుండంగ ఏడ్చిన."

"నీకెందుకొచ్చింది?" అంది అత్త.

"అదే నాకు తెలుస్తలేదు. రావల్సింది దానికి."

మా ఆయన ఆ పక్కనే కూర్చొని ఉల్లిగడ్డ కొరుక్కుంటూ జొన్నరొట్టె తింటున్నాడు. నేను కళ్లప్పగించి ఆయననే చూస్తున్నాను. ఆ పూటకు ఏడెన్‌లో ఆయన చచ్చిపోయి ఉన్నాడు. ఇక్కడ కారం ఎక్కువైందని నా మీద విసుక్కుంటున్నాడు. ఒక్క మనిషి ఒకే పూట రెండు ఊళ్లలో రెండు రకాలుగా ఉండటం నాకు ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. తిరుమలగిరి అయితే ఇట్లా ఉండదు. అబద్ధం వెనకాలే మనిషి నడిచి వస్తుంది, కళ్లారా చూస్తుంది, అబద్ధం అక్కడికి ఆగిపోతుంది. ఏడెన్‌కు పోయిన అబద్ధం మేము ఇంకొకటి పంపేదాకా అక్కడే ఉంటుంది.

మర్నాడు మామ రెండో తారుకు బయలుదేరడానికి చెప్పులు వేసుకుంటుంటే తపాలా జంగయ్య సైకిలు దిగాడు.

"ఏడెన్ నుంచి తారు వచ్చింది" అన్నాడు. "ఇంగ్లీషుల ఒక్కటే ముక్క ఉన్నది. కాకి అని. ఎన్క ప్రశ్న గుర్తు. నాకైతే సమజైతలేదు, ఏదో తప్పు పడ్డట్టుంది."

ఇంట్లో ఎవరికీ వివరించి చెప్పాల్సిన అవసరం రాలేదు. మా ఆయన మగ్గం గుంతలో నుంచి పకపకా నవ్వాడు. "మా అక్క దొరుకుతదా. కాకియేనా అని అడుగుతాంది." మామ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. జంగయ్య మమ్మల్ని వింతగా చూసి సైకిలెక్కి పోయాడు.

అత్త నవ్వలేదు. "అడిగిందంటే ఇంక ఏడువలేదన్న మాట" అంది.

ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. ఎదురింటి నుంచి ఈదమ్మ రానే వచ్చింది. విషయం విని, "జవాబియ్యకుండ్రి" అంది. "కాకి అని చెప్తిరా, ఇగ ఏడువది. చేసిందంత గంగల కలిసినట్టే. రెండొద్దులు ఊకుండ్రి. అదే నమ్ముతది, అదే ఏడుస్తది."

మామ చెప్పులు విప్పి మళ్లీ గోడకు ఆనుకున్నాడు. అత్త వాకిట్లోకి పోయి వచ్చింది, మళ్లీ పోయి వచ్చింది. కొడుకు ఇటు, బిడ్డ అటు. ఆమెను అట్లా నేనెన్నడూ చూడలేదు. ఆఖరికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"పుస్తె నీది" అంది. "నువ్వు చెప్పు."

వదినె ఉండే ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు ఆమె రాయించిన ముక్కల వల్ల కొంచెం తెలుసు. కింద దుకాణం, పైన గది. ఎదురుగా చెట్టు చేమ లేని నల్లటి గుట్ట. నీళ్లు కొనుక్కోవాలి. మనకు ఎండ నడినెత్తికి వచ్చే వేళ వాళ్లకు ఇంకా పొద్దు ఎక్కుతూనే ఉంటుందని ఒకసారి రాయించింది. ఆ సంగతి విని అత్త ఎన్నో రోజులు నేను మధ్యాహ్నం అన్నం పెడితే "నా బిడ్డ ఇంక పొయ్యి ఎలిగించలే" అనుకుంటూ తినేది. ఆ గదిలో వదినె జవాబు కోసం మెట్ల వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. లేచి వచ్చి చూసుకుందామంటే నడిచే దారి కాదు. ఈదమ్మ చెప్పినట్టు రెండు రోజులు ఊరుకుంటే ఆమె ఏడుస్తుంది, నా పసుపుతాడు నిలుస్తుంది. నాకు భయంగానే ఉంది.

"అక్కడ ఇంక పొద్దు ముదరలే అత్తమ్మా" అన్నాను. "ఇప్పుడు పోతే వాళ్లు మాపటి అన్నం వండుకునే యాళ్లకు అందుతది."

మా ఆయన గుంతలో నుంచి లేచి అంగీ తొడుక్కున్నాడు. "నేనే పోత. సచ్చినోని పేరు మీద నేనే రాపిస్త" అన్నాడు. అత్త ఆపలేదు. ఒక రుమాలు తెచ్చి ఆయన తలకు గట్టిగా చుట్టింది. ఈదమ్మ పైట దులుపుకొని తన అరుగు మీదికి పోయింది. చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

కాకి అని జవాబు పోయింది. తిరిగి వదినె నుంచి ఏమీ రాలేదు. తారు లేదు, కార్డు లేదు. మృగశిర వచ్చింది, వానలు పడ్డాయి, వీధిలో పడుగు సాపే వీలు లేక ఇంట్లో నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాం. జంగయ్య సైకిలు గంట వినపడితే అత్త తల ఎత్తేది. అతను మా ఇల్లు దాటి పోయేవాడు.

"కోపం జేసింది" అనేవాడు మామ.

"చేస్తే చేసింది. తిట్టి అయిన రాయొచ్చు గద" అనేది అత్త.

మొదటి వానల్లో మా ఆయనకు జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అత్త చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిస్తూ నా మెడ వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది, అంతే. అదే చాలు. ఆయన పక్కన కూర్చొని తడిగుడ్డ వేస్తూ నేనెంత భయపడ్డానో దేవునికే తెలుసు. జర ఆగి ఉంటే ఏం పోయేది, రెండు రోజులే కదా, ఏడిస్తే ఏడ్చేది అని ఒకపక్క మనసు పీకేది. నార్కట్‌పల్లి దవాఖాన మందుతో జ్వరం దిగింది. లేచి కూర్చొని అడిగిన మొదటి మాట "అక్క దగ్గర నుంచి ఏమన్న వచ్చిందా" అని. రాలేదన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చావు గండం తప్పిందో లేదో గానీ అక్క పోయిందని ఆ ఇంట్లో అందరికీ లోపల అనిపిస్తూనే ఉంది.

శ్రావణం మొదట్లో ఒక మధ్యాహ్నం మా వాకిట్లో ఎడ్లబండి ఆగింది. రేకు పెట్టె దిగింది. దాని వెనక ఆండాళు వదినె దిగింది. నల్లబడింది, సన్నబడింది. సేటు తరఫు కుటుంబం ఒకటి ఓడలో వస్తుంటే వాళ్ల తోడుతో బొంబాయి చేరి, అక్కడి నుంచి రాజం తమ్ముని వెంట వచ్చిందట. అత్త చేతిలో చాట కింద పడేసి ఎదురు ఉరికింది. వదినె తల్లి చెయ్యి పట్టుకుంది గానీ ఆగలేదు. తిన్నగా లోపలికి నడిచి మగ్గం గుంత ఒడ్డున కూర్చుంది.

"సూడు, సచ్చినోడు నేస్తాండు" అన్నాడు మా ఆయన.

ఆమె నవ్వలేదు. పప్పుగుత్తి కోసం వెతకలేదు. చెయ్యి చాచి ఆయన చెంప తడిమింది, చెవి పట్టుకొని చూసింది. మా ఆయన నవ్వు మాని తలవంచుకొని మళ్లీ నేత మొదలుపెట్టాడు. ఆమె అక్కడే చాలాసేపు మగ్గం చప్పుడు వింటూ కూర్చుంది.

అన్నాలు తిన్నాక అత్త ఇక ఉండబట్టలేకపోయింది. "ఒక్క ముక్క రాయొద్దా బిడ్డా? మేమేమనుకోవాలె?"

"ఏం రాయాలె? మంచిగున్న అని రాయాల్నా?" అంది వదినె. రాట్నం ముందుకు లాక్కొని కండె పెట్టింది. చేతులు పని చేస్తుంటే గానీ మాట రాదు ఆ ఇంటి ఆడవాళ్లకు. "నాకు ఏడుపు రాలే అమ్మా."

"నమ్మలేదేమో వదినె" అన్నాను నేను.

"నమ్మిన. తారు చదివి మీ అన్న చెప్పిండు. నేను అన్నం దించిన. ఆయనకు పెట్టిన, నేను గూడ తిన్న. తిన్నంక నాకే బుగులైంది, తమ్ముడు సస్తే నా నోట్లకు అన్నం ఎట్ల పోయిందని." ఆమె రాట్నం ఆపలేదు. "నిన్న వాడు నా కండ్లకు కనపడలే. ఇయ్యాల గూడ కనపడలే. నిన్న వాని మాట వినపడలే, ఇయ్యాల గూడ వినపడలే. మరి ఏం పోయినట్టు? ఈడనైతే గుంత ఖాళీగ కనపడుతుండె. మీరంత ఏడుస్తుంటే నాకు గూడ వస్తుండె. ఆడ ఏం ఖాళీ కాలే. వాడు బతికున్నప్పుడు గూడ ఆ ఇంట్ల లేకుండె."

మామ బీడీ ముట్టించబోయి మానేశాడు.

"తమ్ముడు పోయిండని కాదు నా భయం. పోయినా నాకు గింతేనా అని. కిటికీల నుంచి సూసిన. కాకులున్నయ్. ఆడ గూడ మన కాకులే, ఓడల మీద పోయినయంటరు. వాటిని సూస్తే యాదికొచ్చింది. అది కాకి కబురైతే నేను బతుకుత, నిజంగ పోతే నేనేం మనిషిని అనుకున్న. తారు కొట్టమని ఆయన పానం తీసిన."

"జవాబు అందిందా?" అని మా ఆయన అడిగాడు.

"మాపటికే అందింది. అప్పుడు ఏడ్చిన. ఇరుగు పొరుగు అందరు మెట్లెక్కి వచ్చిండ్రు. ఎవరన్న సచ్చిండ్రా అని అడుగుతరు. లేదు, బతికిండని ఏడుస్తున్న అంటే వాళ్లకు సమజు కాలే."

ఈదమ్మ ఎప్పుడు వచ్చిందో గడప దగ్గర నిలబడి ఉంది. "ఎప్పుడేడిస్తే ఏంది" అంది మెల్లగా. "ఏడ్చింది గద. లెక్కకొస్తది."

ఇన్ని వారాలుగా మా అత్త ఎదురుచూసిన మాట అదే. ఏడ్చిందా లేదా అన్నదే ఆమెకు కావాల్సింది. ఆ మాట ఆమె విన్నట్టు కూడా లేదు. బిడ్డ ముఖమే చూస్తూ ఉంది.

"నేను పోయినా గంతేనా బిడ్డా?" అని అడిగింది.

వదినె రాట్నం ఆగింది. "గట్ల కావొద్దనే వచ్చిన" అంది.

శ్రావణమంతా ఉంది వదినె. ఉన్నన్ని రోజులూ ఆమె చేసిన పని చూస్తే నాకు వింతగా ఉండేది. ఏ కుండ కారుతుందో చూసేది. పెరట్లో ఎండు కట్టెలు ఎవరు ఎట్లా పేరుస్తారో చూసేది. అత్త పొద్దున లేస్తూనే ఎవరిని తిడుతుందో, మామ ఎన్నో పిలుపుకు లేస్తాడో, మా ఆయన పలకకుండా ఎంతసేపు నేస్తాడో కూర్చొని వినేది. ఈదమ్మ ఇంటికి పోయి ఆమె మోకాళ్ల నొప్పుల సంగతంతా విని వచ్చింది. ఇదంతా ఎందుకు వదినె అంటే, "లేకపోతే తెలియాలె గద" అంది.

నన్ను కూర్చోబెట్టి ఒక సంగతి గట్టిగా చెప్పింది. ఆ ఇంట్లో తెలుగు రాసేది నేనే. "మంచిగున్నం, మీరు మంచిగున్నరని తలుస్తం, గిది ఇగ రాయకు మరదలా. అందరి ఇండ్లల్ల గదే రాస్తరు. అది సదివితే ఈడ ఎవరు లేనట్టే ఉంటది. కొట్లాటలు రాయి. ఎవరికి ఎవరికి మాటల్లేవో రాయి. అమ్మ పప్పుల ఉప్పు మరిచిపోతే రాయి. గవన్ని వస్తుంటే, ఒక దినం రాకపోతే నాకు తెలుస్తది."

"ఉప్పు నేనెందుకు మరుస్త?" అంది అత్త పక్క నుంచి.

"అది గూడ రాయి" అంది వదినె.

శ్రావణం వెళ్లాక నార్కట్‌పల్లిలో ఆమెను బస్సెక్కించాం. అత్త కళ్లు పొడిగానే ఉన్నాయి. మూటలో ఏం పెట్టిందో, ఏది ముందు తినాలో, ఏది ఆగుతుందో కిటికీ దగ్గర నిలబడి బస్సు కదిలేదాకా చెప్పింది.

ఇంటికి వచ్చి పొద్దు వాలుతుండగా నేను చీపురు పట్టుకున్నాను. ఎవరైనా ఊరికి బయలుదేరితే వాళ్లు చేరేదాకా ఇల్లు ఊడ్వరు. ఊడిస్తే వాళ్లను ఊడ్చేసినట్టు. తిరుమలగిరి పోయినవాళ్లతో దీనికి ఇబ్బందేమీ లేదు, మాపటికి చేరిపోతారు, ఊడ్చుకోవచ్చు. అంతకు ముందు ఏడు వదినె మొదటిసారి పోయినప్పుడు కూడా మేము మాపటికే ఊడ్చేశాం. బస్సెక్కింది కదా, ఇక పోయినట్టే అనుకున్నాం.

"చీపురు ఆడ పెట్టు" అంది అత్త. "అది ఇంక బస్సుల ఉన్నది."

మర్నాడు రైలులో ఉన్నదంది. తరువాత బొంబాయిలో ఓడ కోసం ఉన్నదంది. మగ్గం కింద నూలు పోగులు పేరుకున్నాయి. మూలల్లో జొన్నపొట్టు, కోడి ఈకలు. తడి కాళ్లతో వచ్చిన మట్టి ఎండి పొడి అయింది. చీమలు బారులు కట్టాయి. మామ అరికాళ్లు దులుపుకుంటూ "ఇది ఇల్లా, పెంటకుప్పనా" అని అరిచాడు. అమ్మలక్కలు తొంగిచూసి ముసిముసిగా నవ్వుకున్నారు. అత్త చీపురు ముట్టనివ్వలేదు. పొద్దున్నే నన్ను అడిగేది.

"ఇప్పుడు యాడుంటది?"

"సముద్రంల ఉంటది అత్తమ్మా."

"ఇంకనా?"

"ఇంక."

ఆమె నేల వైపు చూసేది. ఏడెన్ ఎంత దూరమని ఇక ఆ ఇంట్లో ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. కాలు పెట్టిన చోటల్లా అది మా పాదాలకు అంటుకుంటూనే ఉంది.

ఒక రోజు జంగయ్య వచ్చి గడప బయటే నిలబడిపోయాడు, లోపల కాలు పెట్టడానికి మనసొప్పక. "చేరిందట" అన్నాడు.

నేను చీపురు అందుకోబోతే అత్త నా చేతిలో నుంచి లాక్కుంది. లోపలి అర్ర నుంచి మొదలుపెట్టింది. మంచం కింద, కుండల వెనక, మగ్గం గుంత ఒడ్డున, ఒక్క మూల వదలకుండా తానే ఊడ్చింది. బస్సు దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఊడుస్తూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఊడ్చింది. మా ఆయన మగ్గం ఆపాడు. నేను దగ్గరికి పోలేదు. గడప దగ్గరికి వచ్చేసరికి చెత్త మోకాలెత్తు కుప్ప అయింది. ఆమె ఆ కుప్ప ముందు కూలబడి వేళ్లతో కెలికింది, ఏదో తీసి అరచేతిలో పెట్టుకుంది.

"భద్రా, కాయితం తెచ్చుకో" అంది.

తెచ్చుకున్నాను.

"చేరినవని తెలిసింది అని రాయి. నువ్వు చేరేదాంక ఊడ్వలే అని రాయి. మీ నాయిన తిట్టిండని రాయి."

రాశాను. ఆమె అరచెయ్యి తెరిచి మళ్లీ చూసుకుంది. ఇంట్లో మాకెవరికీ లేనంత పొడుగు వెంట్రుకలు రెండో మూడో, చుట్టుకొని ఉన్నాయి.

"చెత్తల నీ ఎంటికెలు దొరికినయని రాయి" అంది. "పారెయ్యలే అని రాయి."